ఐజాక్ వాల్టన్ – ఒక బట్టల వ్యాపారి విశ్రాంత జీవితం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్ర రాసి ఇవ్వవలసిందిగా మన సంఘం కార్యదర్శి గారు కోరారు. నేను సరేననే సరికే తోటి మిత్రులు విశ్వేశ్వరయ్య గారిని, కాటన్ దొరను, మన్రో దొరను పంచేసుకున్నారు. అందుచేత మన అనంతపురంతో ఎలాంటి చుట్టరికమూ లేని ఒక ఇంగ్లీషు ఆయనను నేను ఎన్నుకోవలసి వచ్చింది. ఆయన రాజు కాదు, సేనాని కాదు, పెద్ద చదువు చదివినవాడు అసలే కాదు. లండనులో బట్టల దుకాణం నడుపుకొన్నవాడు. పేరు ఐజాక్ వాల్టన్. చేపల వేట మీద ఆయన రాసిన 'ది కంప్లీట్ యాంగ్లర్' అనే పుస్తకం 1653లో వెలువడింది. నాటి నుండి నేటి వరకు కొన్ని వందల కూర్పులు వచ్చాయి. ఇంగ్లీషులో అన్నిసార్లు అచ్చయిన పుస్తకాలు బహు తక్కువ.

ఆ పుస్తకం వచ్చేనాటికి వాల్టన్‌కు అరవయ్యో ఏడు నడుస్తోంది. మన లెక్కలో సూపరాన్యుయేషన్ అయిపోయిన మనిషి. తరువాత మరో 30 ఏళ్ళు జీవించి, ఆ 30 ఏళ్ళూ రాస్తూనే, రాసినదాన్ని దిద్దుతూనే ఉన్నారు. ఈ ఒక్క కారణం చేతనే ఆయన కథ మన పెన్షనర్ల పత్రికకు తగినదని నాకు తోచింది.

కరువు సీమలో చేపల వేట గొడవ ఏమిటని పాఠక మహాశయులు నవ్వుకోవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఆ వానైనా వరుసగా నాలుగేళ్ళు పడిందంటే గొప్ప. కాని నా ఉద్యోగం చెరువుల మధ్యే గడిచింది. మైనర్ ఇరిగేషన్‌లో తూములకు, మరువలకు, కట్టల మరమ్మతులకు అంచనాలు వేయడమే నా పని. నెర్రెలిచ్చిన చెరువు నిండితే నెల తిరక్కుండా అందులో పరిగెలు, జెల్లలు, కొర్రమీనులు ఎక్కడినుంచి వస్తాయో చూసి ఆశ్చర్యపడినవాణ్ణి. మరువ దగ్గర ఎర్రలు, అదే వానపాములు, గుచ్చిన గాలం వేసుకుని సాయంత్రాలు కూర్చున్న లస్కర్లతో ఎన్నో కబుర్లు చెప్పుకున్నాను. నేను పుట్టు శాకాహారిని. అయినా ఆ కూర్చోవడంలోని నిదానం నాకు నచ్చేది.

వాల్టన్ పుస్తకం నాకు బెంగుళూరు అవెన్యూ రోడ్డులో, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది. కొన్న చాలా ఏళ్ళకు గాని చదవలేదు. మా ఆవిడ పోయిన తరువాత, పగలు గడవక తీసి చదివాను. ఇక ఆయన చరిత్రకు వస్తాను.

వాల్టన్ 1593లో ఇంగ్లండు నడిబొడ్డునున్న స్టాఫర్డ్ అనే పట్టణంలో జన్మించారు. ఊహ తెలిసీ తెలియక ముందే, 1597లో తండ్రి పోయాడు. పెద్దగా చదువు అబ్బలేదు. చివరి వరకు ఆయన స్పెల్లింగులు తప్పులతడకలేనని చెబుతారు. చిన్న వయసులోనే లండనులో బట్టల వ్యాపారం చేసే బావగారి దగ్గర అప్రెంటిస్‌గా కుదిరారు. ఆ కాలంలో లండనులో వృత్తి చేయాలంటే ఏదో ఒక వర్తక సంఘంలో సభ్యత్వం ఉండి తీరాలి. బావగారు బట్టలు అమ్మేవాడైనా ఆయన సభ్యత్వం ఇనుప వ్యాపారుల సంఘంలో ఉండేది. ఆ వరుసలోనే 1618లో వాల్టన్ కూడా ఇనుప వ్యాపారుల సంఘంలో సభ్యుడై, జీవితమంతా బట్టలు అమ్మారు. ఇటువంటి విచిత్రాలు మన సర్వీసు రిజిస్టర్లలోనూ లేకపోలేదు.

దుకాణం ఫ్లీట్ స్ట్రీట్ ప్రాంతంలో ఉండేది. ఆ పేటలోని సెయింట్ డన్‌స్టన్ చర్చికి 1624 నుండి జాన్ డన్ అనే మహాకవి ఆచార్యుడుగా ఉన్నారు. చదువులేని బట్టల వ్యాపారికి, మహాపండితుడైన ఆ కవికి స్నేహం కుదిరింది. డన్ 1631లో గతించారు. ఆయన జీవితచరిత్ర రాసే పనిని సర్ హెన్రీ వాటన్ అనే పెద్దాయన తలకెత్తుకుని, వివరాలు సేకరించి పెట్టమని వాల్టన్‌ను పురమాయించారు. వాటన్ గారు ఒక్క అక్షరం పూర్తి చేయకుండానే 1639 చివర పరమపదించారు. అచ్చువాళ్ళకు తొందర. వేరే దారి లేక, నోట్సు రాసుకున్న గుమాస్తా వంటి వాల్టనే ఆ చరిత్రను రాసి 1640లో అందించారు. అది ఇంగ్లీషు సాహిత్యంలో మొట్టమొదటి మంచి జీవితచరిత్రల్లో ఒకటిగా నిలిచిపోయింది. పై అధికారి చేయవలసిన డ్రాఫ్టును కింది ఉద్యోగి చేసి మెప్పు పొందడమన్నమాట!

బయటి బతుకు ఇలా ఉండగా ఇంట్లో జరిగినది వేరు. 1626లో వాల్టన్ రేచల్ ఫ్లడ్ అనే ఆమెను పెళ్ళాడారు. ఏడుగురు పిల్లలు కలిగారు. ఒక్కరూ దక్కలేదు. 1640లో, డన్ చరిత్ర అచ్చయిన ఏడాదే, భార్య కూడా కన్నుమూసింది. కడగొట్టు కూతురు ఆ తరువాత రెండేళ్ళకు పోయింది. యాభైకి చేరువలో మనిషి ఒంటరివాడయ్యాడు. అదే 1642లో దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. రాజు పక్షానికీ పార్లమెంటు పక్షానికీ మధ్య ఏళ్ళ తరబడి జరిగిన ఆ పోరులో 1649లో చార్లెస్ రాజు తల నరికారు. వాల్టన్ రాజు పక్షం మనిషి. ఆయన స్నేహితులైన మతాచార్యులు ఉద్యోగాలు పోగొట్టుకుని చెట్టుకొకరు పుట్టకొకరుగా అయిపోయారు. ఆయన కూడా దుకాణం పని నుండి తప్పుకున్నారు.

యుద్ధంలో ఆయన కత్తి పట్టినట్లు లేదు. ఒక్క సాహసం మాత్రం చేశారు. 1651లో ఊస్టర్ యుద్ధంలో ఓడిపోయి యువరాజు పారిపోయినప్పుడు, ఆయన ధరించే రత్నాల పతకం ఒకటి వెనుక ఉండిపోయింది. చేతులు మారి మారి అది వాల్టన్ దగ్గరకు చేరింది. దొరికితే ప్రాణం మీదకు వచ్చే ఆ వస్తువును ఆయన లండను దాకా మోసుకుపోయి, కోటలో ఖైదీగా ఉన్న ఒక రాజపక్షపు కర్నలుకు అందజేశారు. ఆ కర్నలు కోట నుండి తప్పించుకుని పతకాన్ని యువరాజుకు చేర్చాడు. సాధువుగా కనిపించే ఈ ముసలాయన ఇంత పని చేశాడంటే నమ్మబుద్ధి కాదు. 58 ఏళ్ళ బట్టల వ్యాపారిని ఏ సిపాయి అనుమానిస్తాడు?

ఆ తరువాత రెండేళ్ళకు వచ్చిందే చేపల వేట పుస్తకం. వెల 18 పెన్నీలు. లండను పొలిమేరలో టాటెన్‌హామ్ నుండి లీ నది వెంట ఒక వేటగాడు నడుస్తూ, తోడు దొరికిన ఒక బాటసారికి గాలం విద్య నేర్పుతూ పోతాడు. నడుమ చెట్ల కింద వాన వెలిసే వరకు కూర్చుంటారు, పాలమ్మే పిల్ల చేత పాట పాడించుకుంటారు, సత్రంలో భోంచేసి లావెండరు వాసన వేసే పక్కల మీద నిద్రపోతారు. దేశమంతా కత్తులు నూరుకుంటున్న కాలంలో ఈ పుస్తకంలో ఒక్క కేక వినిపించదు. దుఃఖమెరుగని వాడు రాసిన ఉల్లాసమనుకుని నేనూ చదవబోయాను. ఏడుగురు బిడ్డలను మట్టిలో పెట్టిన మనిషి రాసినదని మధ్యలో ముందుమాట తిరగేసినప్పుడు తెలిసి, పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అప్పటికి ఆయన 1647లో రెండో పెళ్ళి చేసుకున్నారు. ఆ భార్య వల్ల కలిగిన వారిలో ఒక కూతురు, ఒక కొడుకు దక్కారు.

జీవహింసను ఇంత తియ్యగా వర్ణించాడని ఆయనను తిట్టినవారు కూడా ఉన్నారు. బైరన్ కవి తన 'డాన్ జువాన్' కావ్యంలో ఈ ముసలాయనను క్రూరుడని దులిపేశాడు. కప్పను గాలానికి గుచ్చే పద్ధతి చెప్పిన పేజీ చదివితే బైరన్ మాటలో న్యాయం లేకపోలేదని నేనూ ఒప్పుకుంటాను.

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన విషయానికి వస్తున్నాను. అదేమిటంటే ఈకల ఈగ కట్టడం.

ట్రౌట్ అనేది చల్లగా, వడిగా పారే ఏటి నీటిలో బతికే చేప. నీటి మీద వాలే ఈగలను, రెక్కల పురుగులను ఎగిరి పట్టుకుంటుంది. నిజమైన ఈగను ముల్లుకు గుచ్చితే నిలవదు కనుక, గాలపు ముల్లుకే పట్టుదారంతో ఈకలు, బొచ్చు చుట్టి ఈగలాగా తయారుచేస్తారు. మన దేశంలో ట్రౌట్ సహజంగా లేదు. దానిని నీలగిరులకు తేవాలని మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1860ల్లో ప్రయత్నించి విఫలమయ్యారు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో గాని అక్కడ అది నిలదొక్కుకోలేదు. మన ఎండలకు ఆ చేప మన చెరువుల్లో ఒక పూట కూడా బతకదు. అయితే ఈకల ఈగ మన చెరువు చేపలకూ పనికి వస్తుంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనీ, 1887లో ప్రత్యేకంగా చెరువుల వేట మీద 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అనీ రెండు పుస్తకాలు రాశారు. ఇక్కడి చేపలకూ ఈ విద్య చెల్లుతుందని వాటివల్లనే నాకు ధైర్యం కలిగింది.

విచిత్రమేమిటంటే, వేటగాళ్ళందరికీ గురువని పేరుపడ్డ వాల్టన్‌కు ఈ ఈగల విద్య అంతంత మాత్రమే. ఆయన ప్రావీణ్యం ఎర్రలు, మిడతలు, చిన్న చేపలు వంటి ఎరలలోనే. తన పుస్తకంలో ఇచ్చిన 12 ఈగల జాబితా 1496లో అచ్చయిన ఒక పాత గ్రంథం నుండి వచ్చినదే. మిగిలిన సంగతులను థామస్ బార్కర్ అనే ఆయన దగ్గర తీసుకున్నారు. ఈ బార్కర్ వృత్తిరీత్యా వంటవాడు, 1651లో వేట మీద చిన్న పుస్తకం రాశాడు. వంటవాడి దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడానికి వాల్టన్ సిగ్గుపడలేదు, మొదటి కూర్పులోనే ఆయన పేరు చెప్పారు. జీవితమంతా దారాల మధ్య, బట్టల మధ్య గడిపిన వ్యాపారికి పట్టుదారంతో ఈగ కట్టడం మాత్రం ఇతరులు చెప్పవలసి వచ్చింది.

పుస్తకాన్ని ఆయన అలా వదిలేయలేదు. 1655లో రెండో కూర్పుకే బాగా పెంచారు. 1661లో, 1668లో మళ్ళీ దిద్దారు. అయినా ఈగల భాగం బలహీనమేనని ఆయనకు తెలుసు. ఆయన ఆప్తమిత్రుడు చార్లెస్ కాటన్ అనే జమీందారు స్టాఫర్డ్‌షైర్ సరిహద్దులో డవ్ నది ఒడ్డున ఉండేవాడు. మన గోదావరి కాటన్ దొర వేరు, ఈ కాటన్ వేరు. ఈయన కవి, విలాసపురుషుడు, ఎప్పుడూ అప్పుల్లో మునిగి ఉండేవాడు. వాల్టన్ కంటే 37 ఏళ్ళు చిన్న. గుణాల్లో ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కాని అద్దంలాంటి డవ్ నీటిలో ఈకల ఈగతో ట్రౌట్‌ను పట్టడంలో కాటన్‌ను మించినవాడు లేడు. ఆయన వాల్టన్‌ను తండ్రిగా భావించేవాడు. 1674లో నది ఒడ్డున చిన్న రాతి మంటపం వంటి వేట ఇల్లు కట్టించి, గుమ్మం పైన ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలను పెనవేసి చెక్కించాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది.

ఐదో కూర్పు సిద్ధమవుతున్నప్పుడు వాల్టన్ ఈయనను ఈగల వేట మీద రాసి ఇమ్మన్నారు. కాటన్ ఆలస్యం చేసి చేసి, చివరికి పది రోజుల్లో రాసి పంపాడు. 1676లో అది 'ది కంప్లీట్ యాంగ్లర్' రెండో భాగంగా వెలువడింది. అప్పుడు వాల్టన్‌కు 83వ ఏడు. ఇరవై మూడేళ్ళుగా జనం మెచ్చిన తన సొంత పుస్తకంలో, తనకు సరిగా రాని విద్యకు ఒక చిన్నవాడిని కూర్చోబెట్టి సగం పీట ఇచ్చారు. నేను 34 ఏళ్ళ ఉద్యోగంలో ఎందరో పెద్దలను చూశాను. ఫైలు మీద తన సంతకం పక్కన జూనియరు పేరు పెట్టనిచ్చిన వారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ వయసులో అలా చేయడం నాకు ఆ రత్నాల పతకం మోసిన సాహసం కంటే పెద్దదిగా కనబడుతుంది.

కాటన్ భాగంలో గురువు నది ఒడ్డున శిష్యుడికి ఈగ కట్టి చూపుతాడు. ఇప్పటివాళ్ళు ముల్లును బిగించడానికి చిన్న పట్టుకారు వంటి వైస్ వాడతారు. అప్పుడు అదేమీ లేదు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ముల్లును పట్టుకోవాలి. సన్నని పట్టుదారానికి మైనం బాగా పట్టించి, గుర్రపు వెంట్రుకల తాడును ముల్లు కాడకు చేర్చి చుట్టాలి. తరువాత రెక్కలకు బాతు ఈక. మైనం దారానికి బొచ్చును పేని దానితో ఒళ్ళు చుట్టాలి. ఒంటె వెంట్రుకలు, ఎలుగుబంటి బొచ్చు, పంది నూగు, ఇంటి కుక్క బొచ్చు అన్నీ ఆయన లెక్కలో పనికివచ్చేవే. బొచ్చు రంగును నీడలో చూసి నిర్ణయించకూడదట. కంటికీ సూర్యుడికీ మధ్య పట్టి చూస్తేనే నీటిలో చేపకు కనిపించే రంగు తెలుస్తుందట. నెలనెలకూ ఏ ఈగలు ఎగురుతాయో వరసగా చెబుతూ మొత్తం 65 ఈగలను వివరించాడు. లండను వాళ్ళు కట్టే ఈగలు మరీ లావుగా ఉంటాయని, ఎవరో పంపిన అటువంటిదాన్ని నవ్వుకోవడానికి తన కిటికీలో వేలాడదీశానని వేళాకోళం కూడా చేశాడు. లండనులో సగం జీవితం గడిపిన వాల్టన్ ఆ ముక్కను తీసేయమనలేదు!

ఈ పేజీలు పక్కన పెట్టుకుని నేనూ కట్టాను. ధర్మవరంలో తెలిసిన నేతగాడు మగ్గం దగ్గర మిగిలిన పట్టుదారపు కొసలు ఒక పొట్లం ఇచ్చాడు. మైనానికి తేనెమైనం ముక్క. బాతు ఈకలు ఇక్కడ ఎక్కడివి? ఎదురింటి కోడిపుంజు మెడ ఈకలతో సరిపెట్టాను. ఆ పని శాస్త్రసమ్మతమే, కాటన్ కూడా కోడి ఈకలు చుట్టమన్నాడు. శుక్లాల ఆపరేషను అయిన కళ్ళు, కొంచెం వణికే వేళ్ళు. దారం బిగువు వదలకుండా పట్టుకోవడమే అన్నిటికంటే కష్టం. సెలవులకు వచ్చిన మనవడు ముల్లు పట్టుకుంటే నేను చుట్టాను. తరువాత నేను పట్టుకుంటే వాడు చుట్టాడు. వాడు కట్టినదే ఈగలాగా కనబడింది. నాలుగు రోజులు పట్టింది. ఆ ఏడు వానలు కురిసి ఊరి చెరువు మరువ పారింది. సాయంత్రం నీళ్ళ మీద దోమలు ముసిరిన వేళ వాడి ఈగను వేస్తే, వేలెడంత పరిగె ఒకటి ఎగిరి పట్టింది. ముల్లు తీసి నీళ్ళలో వదిలేశాము. అది తిరిగి పోయిన దారిని ఇద్దరమూ చీకటి పడే దాకా చూశాము.

వాల్టన్ రెండో భార్య 1662లో గతించింది. అప్పటినుండి ఆయన చిరకాల మిత్రుడైన బిషప్ మార్లీ ఆదరణలో గడిపారు. అంతర్యుద్ధంలో అన్నీ పోగొట్టుకుని, రాజరికం తిరిగి రాగానే పెద్ద పదవిలోకి వచ్చిన ఆచార్యుడాయన. కష్టకాలపు స్నేహాన్ని మరువలేదు. ఆ నీడనే వాల్టన్ 1665లో హుకర్ చరిత్ర, 1670లో హెర్బర్ట్ చరిత్ర, 1678లో, అంటే 85 దగ్గర పడ్డాక, శాండర్సన్ చరిత్ర రాశారు. కూతురు వించెస్టర్‌లోని ఒక మతాధికారికి భార్య అయింది. చివరి రోజులు ఆ అల్లుడి ఇంట్లోనే. 1683 డిసెంబరు 15న, థేమ్స్ నది గడ్డకట్టిన ఆ భయంకరమైన చలికాలంలో, 90 ఏళ్ళు నిండిన వాల్టన్ స్వర్గస్థులయ్యారు. వించెస్టర్ కెథెడ్రల్‌లో సమాధి చేశారు. 1914లో ఇంగ్లండు, అమెరికా దేశాల గాలం వేటగాళ్ళు చందాలు వేసుకుని ఆ సమాధి దగ్గర రంగుటద్దాల కిటికీ పెట్టించారు.

మరణానికి కొద్ది నెలల ముందు ఆయన తన చేత్తోనే వీలునామా రాసుకున్నారు. స్నేహితులకు ఉంగరాలు, పిల్లలకు పుస్తకాలు పోగా, షాలోఫర్డ్‌లోని పొలాన్ని కొన్ని షరతులతో పుట్టిన ఊరు స్టాఫర్డ్‌కు వదిలారు. దాని ఆదాయంతో ఏటా ఇద్దరు పేద పిల్లలను పనిలో అప్రెంటిస్‌లుగా చేర్పించాలి. ఒక పేద పిల్ల పెళ్ళికి సాయం చేయాలి. మిగిలిన డబ్బుతో పేదలకు బొగ్గు కొనివ్వాలి. ఆ బొగ్గును ఎప్పుడు పంచాలో కూడా రాశారు. జనవరి చివరి వారంలో గాని, ఫిబ్రవరి మొదటి వారంలో గాని ఇవ్వాలి. మన పల్లెల్లో చైత్ర వైశాఖాలు ఎటువంటివో, అక్కడి పేదలకు ఆ రెండు వారాలు అటువంటివని ఆయన ఎరుగును.